వినపడని శబ్దానికి మైకు పర్మిషను

గౌరీసు కుడిచెయ్యి వణుకుతోందని మొట్టమొదట బయటపెట్టింది వినాయకుడు. నిరుడు చవితినాడు చేపలబజారు కుర్రాళ్ళు విగ్రహం మీద కప్పిన గుడ్డ తీసేసరికి, స్వామివారి ఎడమకన్ను భక్తుల్ని చల్లగా చూస్తోంది. కుడికన్ను మాత్రం పక్కవీధి మండపంలో ఏం ప్రసాదం చేశారా అని చూస్తోంది.

గౌరీసు సన్నిబాబు మేస్త్రి బొమ్మల షెడ్డులో కళ్ళు దిద్దేవాడు. మట్టి తొక్కేవాళ్ళు, గడ్డి కట్టేవాళ్ళు, రంగు కొట్టేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళంతా కలిసి చేసేది బొమ్మ. గౌరీసు కుంచె పెట్టాక అది దేవుడు. అలాంటిది, ఇరవయ్యారేళ్ళకే ఆ చెయ్యి డీజిలింజను మీద పెట్టిన గ్లాసులా అదరడం మొదలెట్టింది. ఈ ఏడు చవితికి మేస్త్రి వినాయకులకి స్టిక్కరు కళ్ళు అంటించి పంపేశాడు. అంటించాక గౌరీసుని పిలిచి చెప్పాడు.

"సామి మగోడు, సద్దుకుపోతాడు. అమ్మోరు అలాక్కాదురా. దసరా బొమ్మలకి స్టిక్కర్లంటే నాకు మనసొప్పదు. ఈ చవితి నవరాత్రులు ఎల్లేలోగా సెయ్యి బాగుసేసుకుని రా. లేదంటే పైవూరు నుంచి ఇంకో మనిషిని తెచ్చీసుకుంటాను. ఒకసారొచ్చినోడు మరెల్లడు."

ఈ మాట గౌరీసు ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది.

పైడమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆ చదువు భయపడ్డానికి సరిగ్గా సరిపోయింది. ధైర్యం తెచ్చుకోవాలంటే ఇంకా పైకి చదవాలి. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది. మోగకపోతే, ఆ కబురు చెప్పాల్సినవాళ్ళు కూడా పోయారనుకుంటుంది. కొడుకుని వెంటబెట్టుకుని జిల్లా పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి, మనసులో వాడి పెద్దకర్మకి పిలవాల్సిన బంధువుల్ని కూడా తలుచుకోవడం అయిపోయింది.

నరాల డాక్టరమ్మ మృణాళిని చిన్నవయసు మనిషి. గౌరీసు చేతికి పెన్ను ఇచ్చి, కాగితం మీద జిలేబీ చుట్టలాంటి గీత ఒకటి గియ్యమంది. గౌరీసు గీసింది చూస్తే, జిలేబీ వేస్తున్నవాణ్ణి వెనకనుంచి ఎవరో కుదిపినట్టుంది.

"భయపడకండమ్మా," అంది డాక్టరమ్మ. పైడమ్మతో ఆ మాట అనకూడదని ఆవిడకి తెలీదు. "మెదడులో ఒకచోట చిన్న నరాల ముడి ఉంది. అది చేతికి తప్పుడు కబుర్లు పంపుతోంది. కొత్తగా ఒక మిషను వచ్చింది. తల చుట్టూ టోపీలా ఉంటుంది. దాంట్లోంచి శబ్దతరంగాలు అన్ని వైపులనుంచీ వెళ్ళి ఆ ఒక్కచోటే కలుస్తాయి. భూతద్దం కింద ఎండ పడితే కాగితం కాలుతుంది చూడండి, అలాగ. దారిలో ఎక్కడా ఏమీ కాదు. కోత లేదు, కుట్టు లేదు, నెత్తురుచుక్క లేదు."

"కోస్తేనే కదమ్మా లోపలేటుందో తెలిసేది," అంది పైడమ్మ. "ఈ సెవిలోంచి ఎల్లిన శబ్దం ఆ సెవిలోంచి వచ్చీసినప్పుడు, మజ్జిలో సదువుకున్నదంతా పట్టుకెల్లిపోతే?"

"చెవుల్లోంచి వెళ్ళదమ్మా."

"మరి మత్తు ఎక్కువైపోతే?"

"మత్తే ఇవ్వం. మెలకువగానే ఉంటాడు."

 మెలకువగా ఉన్న మనిషి మెదడు ఉడకపెట్టడం కుక్కరుకి కూడా న్యాయం కాదనుకుంది పైడమ్మ. అంతలో డాక్టరమ్మ, "గుండు మాత్రం కొట్టించాలి," అంది. ఆ ఒక్కమాటతో పైడమ్మ కాస్త కుదుటపడింది. గుండు తెలిసిన సంగతి. గుండు కొట్టించుకున్నవాళ్ళకి చెడు జరగ్గా ఆవిడ ఇంతవరకు చూడలేదు.

ఆ మిషనుకి మొదటి రోగి గౌరీసు అని ఖాయమైంది.

ఇక్కడిదాకా అంతా వైద్యమే. ఆ తరవాత ప్రారంభోత్సవం జరిగింది.

ఆసుపత్రి సూపరింటెండెంటు త్రినాథరావుగారికి రెండంటే ప్రాణం. ఒకటి నిబంధనలు, రెండోది ఉపన్యాసం. రిబ్బను కత్తిరించి మైకు అందుకుని, "నేటి నుంచి ఈ ఆసుపత్రి కత్తితో మాట్లాడదు, శబ్దంతో మాట్లాడుతుంది. ఆ శబ్దం దశదిశలా మారుమోగుతుందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను," అన్నాడు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో అదే పడింది. ఆసుపత్రి ఎదురుగా ఉన్న రిటైర్డు ఉద్యోగుల కాలనీవాళ్ళు అది చదివారు. అంబులెన్సుల గోల, చవితి మైకుల గోల చాలక, దశదిశలా మారుమోగేది ఇంకోటి తెచ్చారా అని పోలీస్ స్టేషనుకి ఫిర్యాదు పెట్టారు.

గౌరీసు వైద్యానికి సంతకం కోసం తల్లీకొడుకులు సూపరింటెండెంటు గదిలో నిలబడి ఉండగానే ఎస్సై దాలినాయుడు వచ్చాడు. వెనక ఒక కానిస్టేబులు, అతని చేతిలో శబ్దం కొలిచే మీటరు.

"సార్, మీరొక శబ్ద పరికరం ఏర్పాటు చేసినట్టు మా దృష్టికి వచ్చింది. సదరు పరికరానికి ముందస్తు అనుమతి ఉందా?"

త్రినాథరావు లేచి నిలబడ్డాడు. అనుమతి అన్నమాట వింటే ఆయన కూర్చోలేడు. డాక్టరమ్మ అడ్డువచ్చింది.

"అది వినపడే శబ్దం కాదండీ."

"వినపడనంత మాత్రాన శబ్దం కాదనడానికి లేదు మేడం. దొంగ కనపడకపోతే దొంగతనం జరగలేదంటామా?"

"మనిషి చెవికే కాదు, కుక్క చెవికి కూడా అందదు."

"కుక్కల వ్యవహారం మున్సిపాలిటీది. అందులోకి మేం వెళ్ళం."

తనిఖీకి అందరూ మిషను గది దగ్గరికి నడిచారు. లోపల పెద్ద అయస్కాంతం ఉంటుంది, ఇనుము పనికిరాదని నర్సు ఎస్సై చేత బెల్టు విప్పించి ట్రేలో పెట్టించింది. అందుచేత తనిఖీ జరిగినంతసేపూ ఎస్సై ఎడమచెయ్యి ప్యాంటుని వదల్లేదు. మీటరు పట్టుకున్న కానిస్టేబుల్ని గుమ్మం అవతలే ఆపేశారు.

గదిలోంచి టకటకటకమని చెవులు చిల్లులుపడే మోత వచ్చింది. మీటరు ముల్లు ఆ చివరికి పోయి కొట్టుకుంది.

"ఇదే కదా?" అన్నాడు ఎస్సై.

"కాదండీ. ఇది ఎమ్మారై. తల లోపల ముడి ఎక్కడుందో చూపించే అయస్కాంతం. ఇది ఆసుపత్రిలో ఎప్పటినుంచో ఉంది."

"అయస్కాంతానికి మైకు పర్మిషన్ అక్కర్లేదు," అన్నాడు ఎస్సై. "రాసుకోవయ్యా, అయస్కాంతం, అభ్యంతరం లేదు."

"సార్, ఇది వీధి చివరిదాకా వినపడతంది," అన్నాడు కానిస్టేబులు.

"వినపడనీ. అది శబ్ద పరికరం కాదు. శబ్ద పరికరాన్ని వెయ్యండి మేడం."

డాక్టరమ్మ అయస్కాంతం ఆపించి, టోపీ మిషను వేసింది. ఏమీ వినపడలేదు. గోడమీద బల్లి కూడా తల తిప్పలేదు. మీటరు ముల్లు పడుకుంది. అందరూ ఊపిరి బిగపట్టి ఆ నిశ్శబ్దాన్ని విన్నారు. మాట్లాడకుండా ఉండలేక త్రినాథరావు, "వినపడకపోవడమే దీని విశిష్టత," అని గొంతెత్తాడు. మీటరు కీచుమంది.

"సార్, మీరు కొంచెం తగ్గాలి," అన్నాడు కానిస్టేబులు.

ఎస్సై చాలాసేపు ఆలోచించాడు. వినపడే శబ్దమైతే ఇంతవరకు వినొచ్చు, ఇంతకుమించి వినకూడదని హద్దు ఉంటుంది. వినపడని శబ్దం హద్దులో ఉందో దాటిందో తెలీదు. తెలీనిదానికి పర్మిషన్ ఇంకా గట్టిగా ఉండాలి.

"అప్లై చేసేయండి సార్. ఇప్పుడు అంతా కంప్యూటర్లోనే. సింగిల్ విండో. పోలీసు, ఫైరు, కరెంటు, మున్సిపాలిటీ, అన్నీ ఒక్క దెబ్బకి అయిపోతాయి. కాకపోతే ఇది సీజను. ఈ నెలంతా ఆ విండోలో చవితి మండపం ఫారం ఒక్కటే తెరుచుకుంటాది."

"మండపం కాదు కదండీ మాది," అంది డాక్టరమ్మ.

"నిబంధన నిబంధనే డాక్టర్," అన్నాడు త్రినాథరావు. ఆయన అప్పటికే కంప్యూటరు ఆపరేటరు వెనక నిలబడ్డాడు.

"కమిటీ అధ్యక్షుడు సార్?" అన్నాడు ఆపరేటరు.

"నేనే."

"విగ్రహం ఎత్తు?"

"విగ్రహం లేదు," అంది డాక్టరమ్మ.

"ఖాళీ వదిలేస్తే ముందుకెళ్ళట్లేదు మేడం."

త్రినాథరావు కళ్ళు మూసుకుని మిషనుని తలుచుకున్నాడు. "పీఠంతో కలిపి ఏడడుగులు."

"మట్టా, ప్లాస్టరాఫ్ పారిసా సార్? రెండే ఉన్నాయి."

"మట్టి వెయ్యి. పర్యావరణ పరిరక్షణ మన బాధ్యత."

ప్రభుత్వం విదేశం నుంచి ఓడమీద తెప్పించిన మిషను ఆ విధంగా మట్టి అయిపోయింది.

"నిమజ్జనం సార్? మూడా, అయిదా, తొమ్మిదా?"

"తొమ్మిది వెయ్యి. ఎక్కువమంది రోగులు లబ్ధి పొందుతారు."

మూలన నిలబడ్డ పైడమ్మ గబగబా ముందుకొచ్చింది. డాక్టరమ్మ కొంగు పట్టుకుంది.

"అమా, మిషనుని ముంచేస్తారేటి?"

"అయ్యో, అది ఊరికే కాగితం మీదమ్మా."

డాక్టరమ్మ పెద్ద చదువులు చదివింది గనక కాగితం మీద ఉన్నది ఊరికే అనుకుంది. పైడమ్మ అలా అనుకోలేకపోయింది. ఆవిడ ఎరికలో ప్రభుత్వం మాట తప్పిన రోజులున్నాయి గాని, కాగితం తప్పిన రోజు లేదు. పెనిమిటి పేరు రేషన్ కార్డులో పొరపాటున ఆడమనిషి కింద పడితే, ఆయన పోయేదాకా ఊరంతా ప్రసూతి పథకం వచ్చిందా అని అడిగింది.

చవితినాడు పర్మిషను వచ్చింది. మండపం నంబరు ఉన్న కాగితాన్ని మిషనుకి అంటించారు. అదేరోజు గౌరీసుకి గుండు కొట్టించారు. టోపీ పెట్టబోతుండగా ఫైరువాళ్ళు వచ్చి మండపానికి ఇసక బకెట్లు లేవన్నారు. ఇసక తెచ్చేసరికి కరెంటువాళ్ళు వచ్చి, మండపం అన్నాక ఆసుపత్రి లైను వాడకూడదు, స్తంభం నుంచి టెంపరరీ కనెక్షను తీసుకోవాలన్నారు. ఆ వైరు కిటికీలోంచి లోపలికి లాగితే, దాంతో మిషను వెలగలేదు గాని గుమ్మానికి కట్టిన సీరియల్ బల్బులు వెలిగాయి.

సీరియల్ బల్బులు ఎందుకొచ్చాయంటే, త్రినాథరావుని మండపాల కమిటీల సమావేశానికి పిలిచారు. వెళ్ళేటప్పుడు ఆయన మొహం వేలాడేసుకునే వెళ్ళాడు. అక్కడ చేపలబజారు కమిటీ అధ్యక్షుడు పక్కన కుర్చీ వేశారు. "సార్, మాది శేషతల్పం సెట్టింగు. మీదేటి?" అని అతను అడిగాడు. సూపరింటెండెంటు దగ్గర సమాధానం లేదు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన ఒక ప్రశ్నకి జవాబు చెప్పలేకపోవడం అదే మొదలు. తిరిగొచ్చినప్పటినుంచీ ఆయన మనిషి మనిషిలా లేడు. మిషను గది గుమ్మానికి థర్మోకోలుతో మెదడు ఆకారంలో తోరణం పెట్టించి, బల్బులు కట్టించాడు. రోగుల వంటశాలలో ఉండ్రాళ్ళు చేయించాడు. వంటవాడు అలవాటు ప్రకారం ఉప్పు వెయ్యలేదు. అయినా జనం వరసకట్టారు. కొబ్బరికాయ మిషను మీద కొడతామని వచ్చినవాళ్ళని నర్సు దణ్ణం పెట్టి వెనక్కి పంపింది.

రోజూ పొద్దున్నే గౌరీసు వచ్చి కూర్చోవడం, రోజూ ఏదో ఒక షరతు తేలడం. వెయిటింగు హాల్లో కూర్చున్న గుండు మీద జుట్టు మొలవడం మొదలెట్టింది. మళ్ళీ కొట్టించారు. మళ్ళీ మొలిచింది.

"అమా, నా జుత్తుకున్న పట్టుదల ఈ ఆస్పత్రికి లేదే," అన్నాడు గౌరీసు.

"నోర్ముయ్. జుత్తు బేగి పెరిగితే ఏదో జబ్బని ఎవరో సెప్పగా విన్నాను," అంది పైడమ్మ.

ఎనిమిదోనాడు సన్నిబాబు మేస్త్రి ఫోను చేశాడు. మోగగానే పైడమ్మ ఎవరు పోయారోననుకుంది. ఎవరూ పోలేదు. "దుర్గమ్మలు ఆరిపోయేయి. తెల్లరంగు కూడా పడిపోయింది. కళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి. రేపు సాయంత్రం నేనే వొస్తాను. అప్పటికి నీ సెయ్యి నిలబడాల, లేదంటే ఆ మనిషికి టిక్కెట్టు తీసెస్తాను," అన్నాడు.

పైడమ్మ తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి పోయింది.

"అమా, రేపు తొమ్మిదోరోజు."

"అయితే?"

"లారీ ఒస్తాది."

డాక్టరమ్మ నవ్వబోయి, ఆగిపోయింది. ఎనిమిదిరోజులుగా ఆవిడ నవ్వినవన్నీ జరుగుతూనే ఉన్నాయి. "రేపు పొద్దున్న ఎవరొచ్చినా సరే, మొదలుపెట్టేస్తాను," అంది.

అన్నట్టే తెల్లారగానే తలుపు వేసుకుని మొదలుపెట్టింది. గౌరీసు తలకి టోపీ బిగించారు. టోపీకీ తలకీ మధ్య చల్లటి నీళ్ళు తిరుగుతున్నాయి. పైడమ్మని మాత్రం అద్దం ఇవతల కూర్చోనిచ్చారు. శబ్దం ఒక విడత పంపడం, ఆపి జిలేబీ గీయించడం, మళ్ళీ పంపడం. మొదటి జిలేబీ పాత జిలేబీయే. రెండోది కాస్త చుట్టలా వచ్చింది. కుదురుగా వస్తోందని డాక్టరమ్మ అంది. పైడమ్మకి అది ఇంకా భయమేసింది. ఇంత మంచి జరుగుతోందంటే వెనక ఏదో వస్తోందన్నమాటే.

వచ్చింది. గేటు దగ్గర డప్పులు వినపడ్డాయి. అరటిబోదెలు కట్టిన లారీ, దాని వెనక క్రేను, ముందు జీపులో దాలినాయుడు.

పైడమ్మ వరండాలోకి పరిగెత్తేసరికి ఎస్సై అప్పటికే బెల్టు విప్పి ట్రేలో పెట్టి, ఎడమచేత్తో ప్యాంటు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"సార్, ఊరేగింపు మార్గం ఆసుపత్రి గేటు, మార్కెట్టు, సముద్రం. మీ వెనక చేపలబజారు శేషతల్పం ఉంది. మీరు లేటైతే ట్రాఫిక్ అంతా జామ్ అవుతాది. ఎత్తించండి."

త్రినాథరావు చేతులు జోడించాడు. "దాలినాయుడుగారూ, అది చాలా విలువైన యంత్రం."

"కాగితంలో మట్టని ఉంది సార్. మట్టికి విలువేటుంటాది? నీళ్ళల్లో వేస్తే గంటలో కరిగిపోతాది."

"కరగదండీ."

"కరక్కపోతే ఇంకా సీరియస్ సార్. ప్లాస్టరాఫ్ పారిస్‌ని మట్టని చూపించారని కేసవుతాది. అధ్యక్షులు మీరే."

కేసు అనగానే త్రినాథరావు గొంతు మారిపోయింది. "నిబంధన నిబంధనే," అని గొణిగి, బోల్టులు విప్పే మనిషిని పిలవమని బంట్రోతుకి చెప్పాడు. "లోపల రోగి ఉన్నాడు కదా సార్," అన్నాడు బంట్రోతు. త్రినాథరావు ఎస్సై వంక చూశాడు. ఎస్సై షరతులు తిరగేశాడు. "విగ్రహాన్ని కదిపేటప్పుడు భక్తులు పక్కకి తప్పుకోవాలని ఉంది," అన్నాడు.

జీవితంలో పైడమ్మ ఊహించుకున్న ఘోరాలన్నిట్లోకీ ఇదొక్కటే నిజంగా ఎదురుగా వచ్చి నిలబడింది. విచిత్రం ఏమిటంటే, అది వచ్చాక ఆవిడకి భయం వెయ్యలేదు. భయపడ్డం అంతా ముందే అయిపోయింది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బాబూ, నాను అంతగా సదువుకోనిదాన్ని. ఒక్కమాట సెప్పండి. పూజవుతుండగా సామిని కదుపుతారేటి మీ ఇంట్లో?"

ఎస్సై ఆగాడు. "పూజవుతోందా?"

"మరేటి. తెల్లారగట్ల నుంచీ అవుతంది. ఉద్వాసన ఇంకా సెప్పలేదు."

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి టకటకటకమని అయస్కాంతం మోగింది.

"అదేంటి?"

"మేళం బాబూ."

దాలినాయుడు టోపీ తీశాడు. దణ్ణం పెట్టబోయి, ప్యాంటు గుర్తొచ్చి, ఒక చేత్తోనే పెట్టాడు. కానిస్టేబుళ్ళు బూట్లు విప్పారు. త్రినాథరావుకి ప్రాణం లేచొచ్చింది. "ఉద్వాసన జరగని విగ్రహాన్ని స్థానభ్రంశం చేయడం సంప్రదాయ విరుద్ధం. ఈ మేరకు నేను నమోదు చేసుకుంటున్నాను," అన్నాడు.

"ఎంతసేపవుతాది తల్లీ?"

"పెద్దపూజ. హారతి పాడండి ఈలోగా."

పోలీసులు హారతి పాడారు. క్రేను డ్రైవరు వచ్చి శ్రుతి కలిపాడు. పూజ అని అబద్ధం చెప్పినందుకు దేవుడు కోప్పడతాడేమోనని పైడమ్మకి ఒక్కక్షణం దిగులేసింది. ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ కళ్ళిచ్చిన కుర్రాడు లోపలున్నాడు, ఆ మాత్రం చూసీ చూడనట్టు ఉండకపోతాడా అని సర్దుకుంది. హారతి ఎన్నోసారి పాడుతున్నారో మరిచిపోయిన దశలో తలుపు తెరుచుకుంది.

"అయిపోయింది," అంది డాక్టరమ్మ.

గౌరీసుని చక్రాల కుర్చీలో తెచ్చారు. పైడమ్మ వాడి చేతికేసి చూడలేదు. చూసే ధైర్యం లేదు. ముందు వాడి చెవులు రెండూ వెనక్కి తిప్పి వెతికింది.

"నా పేరేట్రా?"

"పైడమ్మ."

"ఎనిమిదో ఎక్కం సెప్పు."

"అది నాకు ముందూ రాదమా."

పైడమ్మ ఊపిరి పీల్చుకుంది. దాలినాయుడు టోపీ పెట్టుకున్నాడు.

"పూజ అయింది కదా. ఎత్తండి."

"బాబూ, కదల్లేని పెద్ద ఇగ్రహాలున్న కాడ ఏటి సేస్తారు? కలశంలో నీళ్ళట్టుకెల్లి సముద్రంలో కలిపీరా?"

"కలశం ఉందా?"

పైడమ్మ డాక్టరమ్మ వంక చూసింది. డాక్టరమ్మ ఒక్కక్షణం కూడా ఆలోచించకుండా లోపలికి వెళ్ళి, టోపీలో తిరిగిన నీళ్ళు రాగిచెంబుతో పట్టుకొచ్చింది. ఈ ఆసుపత్రిలో తొమ్మిదిరోజులుంటే ఎవరైనా నేర్చుకుంటారు.

ఎస్సై కాగితం చూశాడు. "విగ్రహం, లేదా తత్సంబంధమైన పూజాద్రవ్యం, అని ఉంది. సరే. కాకపోతే ఏడడుగుల మేర రావాల్సింది చెంబులో వస్తోంది గనక, చెంబు అంచుదాకా నిండుగా ఉండాలి. దారిలో ఒక్క చుక్క తొణక్కూడదు. తొణికితే రోడ్డుపక్క కాలవలో పడతాది. కాలవల్లో నిమజ్జనం నిషేధం."

చెంబు అంచుదాకా నింపారు. ఇప్పుడు దాన్ని పట్టుకునేవాడు కావాలి. కానిస్టేబుళ్ళు బూట్లు తొడుక్కునే పనిలో పడ్డారు. త్రినాథరావు తన చెయ్యి పెన్ను పట్టడానికే పరిమితమని విన్నవించుకున్నాడు.

"పూజ ఎవరు చేయించుకుంటే వాళ్ళే పట్టాలి," అన్నాడు ఎస్సై. "అదే పద్ధతి."

అందరూ గౌరీసు వైపు తిరిగారు. పైడమ్మకి పోయిన భయమంతా వడ్డీతో సహా తిరిగొచ్చింది.

"ఒరే, ఎడంసేత్తో పట్టుకో నాయినా."

"కలశం ఎడమచేత్తోనా తల్లీ?" అన్నాడు ఎస్సై నొచ్చుకుని.

"ఈరోజు ఇతను కుర్చీ దిగకూడదు," అంది డాక్టరమ్మ.

"దిగక్కర్లేదు మేడం. కుర్చీతో ఎక్కిస్తాం."

అలా, మట్టి కాని మట్టి విగ్రహానికి ఊరేగింపు బయల్దేరింది. లారీ మీద థర్మోకోలు మెదడు తోరణం, దానికింద చక్రాల కుర్చీ, కుర్చీలో నున్నటి గుండుతో గౌరీసు, వాడి కుడిచేతిలో నిండుచెంబు. పక్కన బీపీ చూసే పట్టీతో డాక్టరమ్మ, రెండోవైపు పైడమ్మ. వెనక క్రేను ఖాళీ కొక్కెం ఊపుకుంటూ వచ్చింది; బుక్ చేశాక రాకపోతే లెక్క కుదరదట. మార్కెట్టులో జనం ఈ దేవుడెవరో తెలీక, ఎందుకైనా మంచిదని దణ్ణాలు పెట్టారు.

సన్నిబాబు మేస్త్రి అన్నమాట ప్రకారం ఆసుపత్రికి బయల్దేరి, మార్కెట్టు మలుపులో లారీకి ఎదురుపడ్డాడు. స్కూటరు తిప్పుకుని లారీ పక్కనే రాసాగాడు. అతను గుండుని చూడలేదు, తోరణాన్ని చూడలేదు. చెంబులో నీళ్ళనే చూస్తున్నాడు. పైడమ్మ కూడా అవే చూస్తోంది. నీళ్ళు చెంబు అంచు మీదకి ఉబ్బి, ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టున్నాయి.

లారీ గోతిలో పడింది. డాక్టరమ్మ పడబోయి తోరణం పట్టుకుంది. తోరణంలో సగం మెదడు ఊడి డ్రైవరు కేబిను మీద పడింది. కుర్చీ ఒరిగింది, గౌరీసు ఒరిగాడు. చెంబు ఒరగలేదు. వాడి చెయ్యి వాడికి సంబంధం లేనట్టు నిటారుగా నిలబడింది.

"అమా," అన్నాడు గౌరీసు మెల్లగా, చేతికేసే చూస్తూ. "ఇది నాదేనా?"

"మాటాడకు, మాటాడితే తొణుకుద్ది," అంది పైడమ్మ.

సముద్రపొడ్డున గౌరీసుని కుర్చీతో సహా కానిస్టేబుళ్ళు అల దగ్గరికి మోశారు. దాలినాయుడు వంగి చెంబు అంచుని వేలితో తాకి చూశాడు. తడి అంచు లోపలే ఉంది, బయట పొడి. "వెయ్యి," అన్నాడు. గౌరీసు చెంబు వంచాడు. నీళ్ళు సన్నటి ధారగా, కుంచెతో తిన్నగా గీత గీసినట్టు, ఎక్కడా తెగకుండా పడ్డాయి. కానిస్టేబులు అలవాటు చొప్పున మీటరు పెట్టి చూసి, హద్దులోనే ఉందని రాసుకున్నాడు.

సన్నిబాబు ఇసకలో స్కూటరు పారేసి వచ్చాడు. 

"డాక్టరమ్మ ఎప్పుడు లెమ్మంటే అప్పుడు షెడ్డుకి రారా," అన్నాడు. "నువ్వొచ్చేదాకా అమ్మోరు కళ్ళు మూసుకునే ఉంటాది. టిక్కెట్టూ గిక్కెట్టూ ఏమీ లేదు."

గౌరీసు ఖాళీచెంబు తల్లికి అందించాడు. పైడమ్మ రెండు చేతులా అందుకుంది. ఇంతసేపూ ఆపుకున్నదంతా అప్పుడు ఒక్కసారిగా వచ్చిందేమో, ఆవిడ చేతుల్లో చెంబు గాజులకి తగిలి గలగలమని మోగడం మొదలెట్టింది. ఎంతకీ ఆగదు.

దాలినాయుడు ఆ చేతులకేసి జాలిగా చూశాడు.

"మీది వచ్చే చవితికి పెట్టుకుందాం తల్లీ," అన్నాడు. "ముందుగానే అప్లై చేసుకోండి. ఆఖర్లో బాగా రష్షుంటాది."